ట్రిగ్గర్‌ని వండండి, బ్రీమ్‌ని వదలండి

ఇంగ్లండ్ దక్షిణ తీరంలో ఒడ్డు మీద నిలబడి గాలం వేసేవాళ్ళ పద్ధతి ఒకటి నాకు ఎప్పటికీ మింగుడుపడదు. సెప్టెంబరులో ఎవరి గాలానికైనా ట్రిగ్గర్‌ఫిష్, అంటే దూరపు వెచ్చటి నీళ్ళ నుంచి కొట్టుకొచ్చే చేప, పడిందనుకోండి. అటూ ఇటూ రాడ్లు వేసుకున్నవాళ్ళంతా వచ్చి చేరతారు. ఫోటోలు తీస్తారు. "పాపం, ఎంత దూరం నుంచి వచ్చిందో" అంటారు. తర్వాత దాన్ని రెండు చేతులా పట్టుకుని నీళ్ళలోకి దించి, కనబడకుండా పోయేదాకా చూసి, ఏదో పుణ్యం చేసినట్టు మొహం పెడతారు. అదే మనిషి మే నెలలో ఇదే బీచ్ నుంచి బకెట్ నిండా బ్లాక్ బ్రీమ్ అనే చేపల్ని ఇంటికి పట్టుకెళ్ళి ఉంటాడు. వాటిని చూసి పాపం అన్నవాళ్ళు లేరు.

ఇది తలకిందుల వ్యవహారం అంటాను నేను. వెచ్చటి నీళ్ళ వెంట వచ్చే చేపలన్నిటినీ ఒకే గాటన కట్టి అతిథులు అనేయడం వల్ల వచ్చిన తికమక. ఏడాది తర్వాత మళ్ళీ వచ్చే చేప వేరు, ఒక్కసారి వచ్చి ఇక్కడే చచ్చిపోయే చేప వేరు. వదలాల్సింది మొదటి రకాన్ని. రెండో రకాన్ని కూర వండుకుంటే సముద్రానికి తగ్గేది ఏమీ లేదు.

నేను ఉండేది డోర్సెట్‌లో, బోర్న్‌మత్ దగ్గర. గాలం వేసేది ఎక్కువగా చెసిల్ బీచ్ మీద. వెస్ట్ బే నుంచి పోర్ట్‌లాండ్ దాకా దాదాపు 29 కిలోమీటర్ల గులకరాళ్ళ కట్ట అది. పడమటి చివర రాళ్ళు బఠాణీ గింజంత ఉంటాయి, తూర్పుకి నడిచేకొద్దీ పెద్దవై పోర్ట్‌లాండ్ దగ్గర బంగాళాదుంపంత అవుతాయి. పూర్వం చీకట్లో పడవ దిగిన దొంగసరుకు వ్యాపారులు చేతిలోకి ఒక రాయి తీసుకుని తామెక్కడ దిగారో చెప్పేసేవాళ్ళని ఇక్కడ ఒక కథ. వైజాగ్, కాకినాడ ఇసుక ఒడ్డుల అలవాటుతో ఇక్కడికి వచ్చినవాళ్ళకి మొదట భయమేస్తుంది. ఒడ్డు మెట్టు దిగినట్టు ఒక్కసారిగా లోతుకి దిగిపోతుంది. అందుకే చేప దగ్గరికి వస్తుంది. వంద మీటర్లు విసరాలని భుజాలు నొప్పి పెట్టుకునేవాళ్ళు చాలామంది చేపల్ని దాటించి అవతల వేస్తున్నారు. ఆ లోతే ప్రమాదం కూడా. నైరుతి గాలి గట్టిగా కొట్టే రోజు అల వెనక్కి లాగితే కాళ్ళ కింద రాళ్ళు జారిపోతాయి, పట్టుకోవడానికి ఏమీ ఉండదు. ఇక్కడ ప్రాణాలు పోయాయి. అలాంటి రోజు ఇంట్లో కూర్చుని టీ తాగడమే.

జూన్ ఎండ చూసి చాలామంది వెచ్చటి నీళ్ళ చేపల కోసం పరుగెత్తుకొస్తారు. సముద్రానికి ఎండాకాలం ఆలస్యంగా వస్తుంది. ఈ తీరం ముందున్న ఇంగ్లిష్ ఛానెల్ నీళ్ళు ఫిబ్రవరి, మార్చిలో 8, 9 డిగ్రీల దాకా చల్లబడి, ఆగస్టు చివర, సెప్టెంబరులో 17, 18 డిగ్రీలకి చేరతాయి. చేపలు కూడా ఆ వరసలోనే వస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో బ్లాక్ బ్రీమ్, స్మూత్‌హౌండ్. ఎండలు ముదిరాక మాకరెల్, ఎముకలు ఆకుపచ్చగా ఉండే గార్‌ఫిష్. సెలవులైపోయి పిల్లలు బడికి వెళ్ళిపోయాక, బీచ్ ఖాళీ అయ్యాక, ట్రిగ్గర్‌ఫిష్. నా వాదనంతా ఈ వరసలోనే ఉంది. ముందు వచ్చేవి పని మీద వస్తాయి. చివర వచ్చేది కొట్టుకొస్తుంది.

బ్లాక్ బ్రీమ్ పని ఏమిటో చూద్దాం. చలికాలమంతా ఛానెల్ లోతుల్లో గడిపి వసంతంలో ఒడ్డు దాపుకి చేరుతుంది, గుడ్లు పెట్టడానికి. మగది తోకతో అడుగున ఉన్న ఇసుకని ఊడ్చి, కింద గులకో బండో తేలేదాకా గుంట చేస్తుంది. మీటరు, రెండు మీటర్ల వెడల్పు ఉంటాయి ఆ గుంటలు. సోనార్‌తో తీసిన సముద్రగర్భం పటాల్లో పక్కపక్కనే గుంపుగా కనిపిస్తాయి. ఆడది వచ్చి ఆ గట్టి నేల మీద జిగురు గుడ్లు పొరలా అతికించి వెళ్ళిపోతుంది. ఇక అక్కణ్ణుంచి కాపలా అంతా మగదే. గుడ్ల మీద ఇసుక పేరుకోకుండా తోకతో నీళ్ళు ఆడిస్తుంది, తినడానికి వచ్చే చేపల్ని తరుముతుంది. ఆ రోజుల్లో దాని ఒంటికి ముదురు రంగు ఎక్కి, పక్కల తెల్లటి పట్టీలు పడతాయి. నీళ్ళలోంచి పైకి తీసినప్పుడు ఆ రంగు కనిపిస్తే అది గూడు వదిలి వచ్చిన చేప అని అర్థం. మీరు ఫోటో తీసుకుంటున్నంతసేపూ అక్కడ గుడ్లకి కాపలా లేదు.

అసలు మెలిక ఇంకోటుంది. బ్లాక్ బ్రీమ్ మొదట ఆడగా పెరుగుతుంది, పెద్దయ్యాక మగగా మారుతుంది. చిన్నవి దాదాపు అన్నీ ఆడవి, 40 సెంటీమీటర్లు దాటినవి దాదాపు అన్నీ మగవి. (గిల్ట్‌హెడ్ బ్రీమ్‌ది దీనికి తిరగేసిన పద్ధతి: ముందు మగ, తర్వాత ఆడ. ఈ కుటుంబంలో ఎవరికి తోచినట్టు వాళ్ళు.) ఇక ఒడ్డు మీద మర్యాదస్తులు పాటించే సూత్రం ఏమిటి? చిన్నవి వదిలేయ్, పెద్దవి ఉంచుకో. వినడానికి బాగుంటుంది. బ్లాక్ బ్రీమ్ దగ్గర ఆ సూత్రం పాటిస్తే, ఏరి ఏరి గూళ్ళు కాసే మగవాటిని పట్టుకెళుతున్నట్టు. కనీస సైజు నియమం చిన్నవాటిని కాపాడుతుంది, కాపలావాణ్ణి కాదు.

ప్రభుత్వానికి ఈ సంగతి తెలియక కాదు. ససెక్స్ తీరాన కింగ్‌మియర్‌ని 2013లో, మా బోర్న్‌మత్ ముందున్న సౌత్‌బోర్న్ రఫ్‌ని 2019లో సముద్ర సంరక్షణ ప్రాంతాలుగా ప్రకటించినప్పుడు ఈ చేప గూళ్ళని కూడా లెక్కలోకి తీసుకున్నారు. కానీ మే నెల సాయంత్రం, గాలి పడిపోయి నీళ్ళు తేటగా ఉన్నప్పుడు, చెసిల్ మీద చిన్న గాలానికి స్క్విడ్ ముక్క గుచ్చి కూర్చున్నవాడికి ఆ పటంలో గీతలతో పనిలేదు. పైగా ఇంగ్లండ్‌లో సముద్రంలో రాడ్‌తో పట్టడానికి లైసెన్సే అక్కర్లేదు. నదికి, చెరువుకి కావాలి గానీ సముద్రానికి వద్దు. ఎవరూ కాగితం ఇవ్వరు కాబట్టి ఎవరూ ఏమీ చెప్పరు. షాపులో రాడ్ కొనుక్కుని తిన్నగా బీచ్ మీదికి వచ్చేయొచ్చు. మనవాళ్ళు చాలామంది అలా వచ్చినవాళ్ళే.

బాస్ అనే చేప గురించి కొంచెం క్లుప్తంగా. దానికి కనీసం నియమాలున్నాయి. 2015లో కనీస సైజు 36 సెంటీమీటర్ల నుంచి 42కి పెంచారు. సరదాకి పట్టేవాళ్ళకి అదే ఏడాది రోజుకి మూడు చేపలన్నారు, మరుసటేడు ఒకటన్నారు, 2020లో రెండన్నారు. ఏటా మారొచ్చు కాబట్టి సీజన్ మొదట్లో చూసుకుని వెళ్ళాలి. ఎందుకిన్ని తిప్పలంటే, ఆడ బాస్ ఆ 42 సెంటీమీటర్లకి రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది. 1989 లాంటి వెచ్చటి ఏడు ఒక్కటి దొరికితే పిల్లలు విపరీతంగా బతికాయి, ఆ తరం ఎన్నో ఏళ్ళు అందరి గాలాల్నీ పోషించింది. ఆ తర్వాత 2010 ప్రాంతంలో చలికాలాలు గట్టిగా వచ్చేసరికి పిల్లలు రాలేదు, వలలు మాత్రం ఆగలేదు, సంఖ్య కూలిపోయింది. ఇంకో ముఖ్య విషయం, ట్యాగులు కట్టి చూస్తే బాస్ ఏ తీరంలో ఎండాకాలం గడిపిందో మరుసటేడు చాలావరకు అక్కడికే వస్తోందని తేలింది. అంటే దానికో చిరునామా ఉంది. మీ బీచ్‌లో పట్టి తిన్న బాస్ మీ బీచ్‌కి రావాల్సిన చేపే.

స్మూత్‌హౌండ్ సంగతికొస్తే ఇక్కడివాళ్ళు సరిగ్గానే చేస్తున్నారు, దాదాపు అందరూ వదిలేస్తారు. పీతలు తిని బతికే చిన్న సొర జాతి అది. పీత ఎరకి పడిందంటే రీలు బిగించి పెట్టినవాడి రాడ్డు స్టాండుతో సహా సముద్రంలోకి పోతుంది. ఇబ్బంది మన తెలుగు వాట్సాప్ గ్రూపులో వస్తుంది. ఎవరైనా ఫోటో పెట్టగానే "అన్నా, సొర పుట్టు చేసేద్దాం" అని పది మెసేజులు. బాలింతలకి పెట్టే వంట కదా, ఆ మాట వింటేనే నోరూరుతుంది, నాకూ ఊరుతుంది. కానీ సొరలు లక్షల గుడ్లు పెట్టవు. కొద్ది పిల్లల్ని కంటాయి, అవి పెరిగి పిల్లల్ని కనడానికి ఏళ్ళు పడుతుంది. వదిలేయండి.

ఇప్పుడు ట్రిగ్గర్‌ఫిష్. దాన్ని పట్టడంలో ఒక చిత్రమైన సరదా ఉంది. చీకటి పడ్డాక దొరికే చేప కాదు, పట్టపగలు తింటుంది. రాళ్ళు, గోడలు, మునిగిన చెక్కలు ఉన్నచోట తిరుగుతుంది, పోర్ట్‌లాండ్ వైపు చివర అందుకే మంచిది. నోరు చిన్నది, పళ్ళు మాత్రం మస్సెల్ చిప్పల్ని నమిలి ఉమ్మేయడానికి పుట్టినవి. పెద్ద గాలానికి పెద్ద ఎర గుచ్చితే అంచులు కొరుక్కుని పోతుంది, రాడ్డు కొన మీద చిన్న చిన్న దెబ్బలు తప్ప ఏమీ తెలియదు, పైకి లాగితే ఉత్త గాలం. చిన్నదైనా మందంగా ఉండే గాలం, దానికి స్క్విడ్ ముక్క బిగుతుగా గుచ్చి, గాలం పైన దారం మందపుది కట్టాలి. లేకపోతే దారమే కొరికేస్తుంది.

ఒడ్డు మీదికి వచ్చాక చూస్తే పక్కల నుంచి నొక్కేసిన పళ్ళెంలా ఉంటుంది, బూడిద రంగు మీద మసక మచ్చలు, పొలుసు తీసే చేప కాదు, తోలు. వీపు మీద మొదటి ముల్లు నిటారుగా లేచి ఉంటుంది. దాన్ని వేలితో ఎంత నొక్కినా వంగదు. దాని వెనకాల ఉన్న చిన్న రెండో ముల్లుని నొక్కండి, టక్కున మొదటిది పడుకుంటుంది. ఆ గొళ్ళెం వల్లే దానికి ట్రిగ్గర్ అని పేరు. శత్రువు తరిమితే రాళ్ళ సందులో దూరి ఆ ముల్లుని లేపి బిగించుకుంటుంది, ఇక బయటికి లాగడం ఎవరి తరమూ కాదు. గాలం తీసేటప్పుడు మాత్రం వేళ్ళు జాగ్రత్త, చెప్పానుగా ఆ పళ్ళు.

ఇంత ముచ్చటైన చేపని చంపమంటున్నావా అంటే, అవును. ఛానెల్‌లో నవంబరు దాటాక నీళ్ళు రోజురోజుకీ చల్లబడతాయి. వెనక్కి దక్షిణానికి మళ్ళే చేపైతే చలికాలంలో కార్న్‌వాల్, వేల్స్ బీచ్‌ల మీద దాని కళేబరాలు కొట్టుకొచ్చి దొరకవు. దొరుకుతున్నాయి. కుక్కల్ని నడిపించడానికి వచ్చినవాళ్ళు ఇదేం చేప అని ఫోటోలు పెడుతుంటారు. సెప్టెంబరులో చప్పట్ల మధ్య వదిలిన చేప ఏమవుతుందో ఆ ఫోటోల్లో ఉంది. దాన్ని వదలడం చేప కోసం చేసే పని కాదు, వదిలిన మనిషి మనసు తేలికపడటం కోసం.

దీనికి నా పక్కన గాలం వేసే ఒక పెద్దాయన ఇచ్చే జవాబు గట్టిదే. సముద్రం వేడెక్కుతోంది కదా, ఇవాళ చచ్చేవి రేపు బతకొచ్చు, మొదట వచ్చినవాటిని తినేస్తే ఇక్కడ నిలదొక్కుకునేదెలా అంటాడు. కాదనను. 2023 జూన్‌లో బ్రిటన్ చుట్టూ సముద్రం ఆ నెలకి మామూలుగా ఉండాల్సినదానికంటే కొన్నిచోట్ల నాలుగైదు డిగ్రీలు ఎక్కువ వేడెక్కింది. ట్రిగ్గర్‌ఫిష్ ఇక్కడే గూడు పెట్టి పిల్లల్ని చేసి చలికాలం దాటే రోజొస్తే దాన్ని కూడా బ్రీమ్ వరసలో కూర్చోబెట్టాల్సిందే, నాకేం పేచీ లేదు. కానీ గుప్పెడు మంది రాడ్లకి అప్పుడప్పుడూ పడే నాలుగు చేపలు ఆ భవిష్యత్తుని ఆపేవీ కావు, తెచ్చేవీ కావు. అది నీళ్ళు తేలుస్తాయి.

వింత చేప కనబడగానే అంతా కొత్తే అనుకోవడం కూడా పొరపాటు. 1930ల్లో ఉత్తర సముద్రంలో, స్కార్‌బరో దగ్గర, డబ్బున్నవాళ్ళు పడవల మీద రాడ్లతో ట్యూనా పట్టేవాళ్ళు. 1933లో పడిన ఒకటి 851 పౌన్లు తూగింది, అంటే 386 కిలోలు. హెర్రింగ్ గుంపుల వెంట వచ్చిన ఆ ట్యూనాలు తర్వాత మాయమై, దశాబ్దాల తర్వాత ఈమధ్యే మళ్ళీ కనబడుతున్నాయి. ఆక్టోపస్ చూడండి. 2025లో డెవన్, కార్న్‌వాల్ తీరాల్లో విపరీతంగా వచ్చిపడింది, పీతల బుట్టల్లోకి దూరి లోపల ఉన్నవాటిని తినేసి మత్స్యకారులకి ఖాళీ చిప్పలు మిగిల్చింది. ఇలాంటి దండయాత్రలు 1899–1900లోనూ, 1950 ప్రాంతంలోనూ జరిగాయని ప్లిమత్ సముద్ర పరిశోధకుల రాతల్లో ఉంది.

నన్నడిగితే, సముద్రం మారిందా లేదా అని తెలుసుకోవడానికి వచ్చే చేపల్ని చూడటం కంటే రాని చేపల్ని చూడటం మేలు. ఇదే చెసిల్ మీద చలికాలం రాత్రుళ్ళు కాడ్ అనే చేప కోసం దీపాలు పెట్టుకుని వరసగా కూర్చునేవాళ్ళని ఇక్కడి పెద్దవాళ్ళు చెబుతారు. కాడ్‌కి చల్లటి నీళ్ళు కావాలి. వేడి ఒక కారణం, విపరీతంగా పట్టేయడం ఇంకో కారణం, మొత్తానికి ఇప్పుడు డిసెంబరు రాత్రి ఒక్క కాడ్ పడితే వార్త. ట్రిగ్గర్‌ఫిష్ ఫోటోకి వచ్చినన్ని లైకులు ఖాళీ బీచ్ ఫోటోకి రావు కదా.

క్రితం వేసవిలో మావయ్యగారు కాకినాడ నుంచి వచ్చారు. బీచ్ మీద కుర్చీ వేసుకుని, మే నెలలో కూడా స్వెట్టర్ తీయకుండా, నేను బ్రీమ్‌ని వదలడం చూసి ఉండబట్టలేక "ఏం బాబూ, దొరికినదాన్ని పారేయడానికి ఇంత దూరం కారేసుకుని రావాలా?" అన్నారు. గూడు సంగతి చెప్పాను. కాసేపు ఊరుకుని "అయితే మన పులసలాంటిదే" అన్నారు. నేను చెప్పాలనుకున్నది ఆయనే చెప్పేశారు. పులస కూడా పని మీదే వస్తుంది. గోదావరికి ఎర్రనీళ్ళు రాగానే సముద్రం నుంచి ఎదురీదుతూ గుడ్లు పెట్టడానికి పైకొస్తుంది. ధవళేశ్వరం ఆనకట్ట దాటి పోలేదు. ఆ దారిలోనే పట్టేస్తాం దాన్ని. అందులోనూ గుడ్లున్నదానికి ధర ఎక్కువ. వేలంపాటల వీడియోలు చూసి మురిసిపోతాం, పుస్తెల సామెత చెప్పుకుంటాం, తర్వాత ఈ ఏడు పులస రాలేదేమిటని వాపోతాం.

ఆయన అంతటితో ఆగలేదు. "మరి అక్కడ ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా బోట్లు కట్టేయిస్తున్నారు కదయ్యా, అదీ ఇందుకేగా" అన్నారు. ఇందుకే. చేపలు గుడ్లు పెట్టే కాలమని అరవై ఒక్క రోజులు వేట ఆపుకుంటున్నది పూట గడవడానికి చేపల మీదే ఆధారపడ్డ మనుషులు. వేట ఆపినందుకు ప్రభుత్వం ఇచ్చే భృతి ఎప్పుడొస్తుందో, ఎంతమందికి అందుతుందో ప్రతి ఏడూ ఒక రగడ. మంచి ఉద్యోగాలు చేసుకుంటూ, ఆదివారం పూట సరదాకి వచ్చి, సూపర్‌మార్కెట్లో ఏ చేపైనా కొనుక్కోగలిగిన మనం మే నెలలో నాలుగు బ్రీమ్‌లు వదలలేమా? ఇక్కడ "కల్చర్" అనే మాట అడ్డం పెట్టుకునేవాళ్ళంటే నాకు చిరాకు. తెల్లవాళ్ళు వదిలేస్తారు, మనం తింటాం అని తేల్చేస్తారు. వదలడమే గొప్ప అనేవాళ్ళూ, పట్టిందల్లా కూర అనేవాళ్ళూ ఇద్దరూ చేప ఏదని అడగడం లేదు.

అందుకని సెప్టెంబరులో ట్రిగ్గర్‌ఫిష్ పడితే నేను మొహమాటం లేకుండా ఇంటికి తెచ్చుకుంటాను. పట్టిన వెంటనే తల మీద ఒక్క దెబ్బ వేసి, మొప్పల దగ్గర కోసి రక్తం పోనివ్వాలి. రాళ్ళ మీద కొట్టుకుంటూ పడి ఉండనివ్వకూడదు, అది మనకీ మంచిది కాదు, మాంసానికీ మంచిది కాదు. ఇంట్లో కత్తి తోలు మీద నొక్కితే జారిపోతుంది. కత్తి మొనని వీపు రెక్క మొదట్లో గుచ్చి, తోలు కింద నుంచి అంచు వెంట చుట్టూ కోసుకొస్తే, ఆ తర్వాత తోలు పట్టకారుతో లాగినా ఊడొస్తుంది. లోపల మాంసం తెల్లగా, గట్టిగా ఉంటుంది. పులుసులో ఎంతసేపు మరిగినా ముక్క చితకదు, కాబట్టి చింతపండు కాస్త చిక్కగా పిండుకుని, బెండకాయలు వేసుకుని, మూత పెట్టి మీ పని మీరు చూసుకోవచ్చు. తల పులుసు మాత్రం పెట్టాలని చూడకండి. మావయ్యగారు వినకుండా పెట్టించారు. గంటన్నర తర్వాత కూడా ఆ తోలు మీద గరిటె కొడితే చప్పుడొచ్చింది.